అంతర్జాతీయ పాఠశాల – ఒక విమర్శనము

గ్రంథములను విమర్శించుటకు అలవాటుపడిన మేము ఈ మాసమున నొక పాఠశాలను విమర్శింపబూనుట కొందఱు చదువరులకు వింతగా దోచవచ్చును. పుస్తకము నచ్చనిచో మూసి ప్రక్కన బెట్టవచ్చును. బిడ్డను ఒక బడిలో వేసి పదియేండ్లు గడచిన తరువాత ఆ పదియేండ్లను మూసి ప్రక్కన బెట్టుటకు వీలులేదు. నేడు నగరములయందు గృహస్థులు పుస్తకములకంటె బడులను గూర్చియే యెక్కువగ మాటలాడుకొనుచున్నారు. ఆ మాటలలో మిక్కిలి తఱచుగ వినవచ్చు పేరు 'ఇంటర్నేషనల్ స్కూలు'. ఆ పేరున కర్థమేమో, దానికి దగిన పని అచ్చట జరుగుచున్నదో లేదో విచారించువారు మాత్రము తక్కువ.

మాకీ విచారము కలుగుటకు కారణము మా మేనకోడలు. ఆమెయు ఆమె భర్తయు పండ్రెండేండ్లు కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేసి, నిరుడు ఇద్దఱు పిల్లలతో హైదరాబాదునకు మఱలి వచ్చిరి. పిల్లలు అక్కడి చదువున కలవాటుపడినవారు. ఇక్కడి బడులలో ఇముడలేరేమో యని భయపడి, నగరమునకు పడమటనున్న యొక అంతర్జాతీయ పాఠశాలలో చేర్చిరి. విదేశములనుండి వచ్చిన ఉద్యోగుల పిల్లలును, స్థానికులలో కలిగినవారి పిల్లలును అందు కలిసి చదువుచున్నారు. ఏడాది తిరుగకమునుపే ఆమెకు సందేహము పుట్టినది. "మామయ్యా, అందరూ బాగుందంటున్నారు. నాకూ బాగానే ఉంది. కాని ఎక్కడో ఏదో తక్కువగా ఉంది. అదేమిటో మీరొకసారి చూసి చెప్పండి" అని కబురంపినది. మేము పోయి రెండు దినములు ఆ పాఠశాలలో గడపితిమి. దాని పేరు చెప్పము. మేము చూచిన గుణదోషములు ఆ యొక్క బడివే కావు.

బడిని గూర్చి చెప్పుటకు ముందు ఈ పేరు పుట్టిన చోటు చూడవలెను. మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట నానాజాతి సమితియు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు జెనీవాలో నెలకొన్నవి. వానిలో కొలువు చేయువారు నానాదేశస్థులు. వారి పిల్లలు నానాభాషలవారు. తండ్రికి బదిలీ యగునప్పుడెల్ల బిడ్డ చదువు తెగిపోవుచుండెను. ఈ చిక్కు తీర్చుటకై సమితి యుద్యోగులైన లుడ్విక్ రాయ్‌ఖ్‌మన్, ఆర్థర్ స్వీట్సర్ మొదలగువారు, విద్యాసంస్కర్తయైన అడాల్ఫ్ ఫెరియేర్ సాయముతో, 1924లో ఒక పాఠశాలను స్థాపించిరి. ఎనిమిదిమంది పిల్లలతో మొదలైన ఆ బడియే జెనీవా అంతర్జాతీయ పాఠశాల. 1926లో కమలా నెహ్రూ చికిత్సకై ఆ కుటుంబము జెనీవా చేరినపుడు ఎనిమిదేండ్ల ఇందిర కొంతకాల మందులో చదివినది.

1929 మొదలు ఇరువదియేండ్లు ఆ బడిని నడపినయామె మరీ-తెరేజ్ మోరెత్. ఆమె చేసిన పనులలో రెండు మా విమర్శనకు గీటురాళ్ళు. భూగోళశాస్త్రమును ఆమె బడిలో ఏ యొక దేశమునుండియు మొదలుపెట్టలేదు. ముందు భూమి యంతయు, అందలి నేల, నీరు, గాలి, తరువాతనే సరిహద్దులు. పిల్లవాడు తన దేశపు పటమును నేర్చుకొనులోపల తనదేశము ఎంత పెద్ద వస్తువులో ఎంత చిన్న భాగమో నేర్చుకొనవలెనని ఆమె యుద్దేశము. రెండవది భాష. ఇంగ్లీషు, ఫ్రెంచి రెండును వచ్చి తీరవలెననెను. ఇందు మన మొక సంగతి గమనింపవలెను. జెనీవా నగరపు వీధిభాష ఫ్రెంచి. రొట్టెల యంగడివానిది, ట్రాము నడపువానిది, ఇంటికి పాలుతెచ్చువానిది ఆ భాషయే. కావున ఆ బడిలో చేరిన అమెరికా బాలుడు ఫ్రెంచి నేర్చుట యనగా తా నతిథిగ నున్న యూరిజనులతో మాటలాడ నేర్చుటయే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, 1948లో, శాంతికొఱకు విద్య గఱపు పద్ధతులు కలవా యను విషయమున ఆమె యునెస్కోకు ఒక చిన్న గ్రంథము వ్రాసియిచ్చినది. తన పద్ధతులను ఆమె శాంతికి సాధనములుగ నెంచినదే కాని ఉద్యోగమునకు నిచ్చెనలుగ నెంచలేదు.

ఆ బడియొక్క పరిసరములలోనే తరువాత ఇంటర్నేషనల్ బాకలారియేట్ పుట్టినది; మనవారు దానినే ఐ.బి. యందురు. ఏ దేశమునకు బోయినను చెల్లునట్టి ఒకే పరీక్ష కావలెనని అచ్చటి యుపాధ్యాయులు కొన్నియేండ్లు పాటుపడగా, 1968లో జెనీవాలో ఆ సంస్థ యేర్పడినది. ఆలెక్ పీటర్సన్ దానికి తొలి యధిపతి. విద్యార్థి ఆఱు విషయములు చదువవలెను. వానికితోడు 'మనకు తెలిసినదని చెప్పునది మనకెట్లు తెలిసినది' యని విచారించు నొక పాఠమును, నాలుగువేల మాటలకు మించని యొక వ్యాసమును, కొంత సేవయు కలవు. మొత్తము నలుబదియైదు మార్కులు. ఈ పాఠ్యక్రమము నందలి మేలు మేము కాదనము. వల్లెవేసి ఒప్పగించుటయే చదువని నమ్మిన మన దేశములో, ఇట్టి పాఠమొకటి యుండుట గొప్ప యుపకారము.

మన దేశమున ఈ బడులకు మఱియొక పూర్వికము కలదు. 1901లో అమెరికా మిషనరీలు తమ పిల్లలకై కొడైకెనాలులో ఒక బడి పెట్టిరి. దక్షిణదేశపు వేడినుండియు, వ్యాధులనుండియు పిల్లలను దూరముగ నుంచుట యొక కారణము. అమెరికాకు మఱలిపోయిననాడు వారక్కడి చదువులో వెనుకబడకుండుట రెండవ కారణము. తరువాతి కాలమున ఆ బడి తలుపులు భారతీయులకును, ఇతర దేశస్థులకును తెఱచినది. 1976లో మన దేశమున కెల్ల ముందుగ ఐ.బి. పాఠ్యక్రమమును తెచ్చినది. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. కాని మొదటినాటి ఆ యుద్దేశమును గుర్తుంచుకొనుట మేలు. జెనీవా బడి పిల్లలను ఒకచోటికి చేర్చుటకు బుట్టినది. కొండమీది బడి పిల్లలను తిరిగిపోవుటకు సిద్ధముగ నుంచుటకు బుట్టినది. నేటి ప్రతి యంతర్జాతీయ పాఠశాలయందును ఈ రెండు రక్తములును కలవు. ఏది హెచ్చో చూచుటయే పరీక్ష.

పేరునుగూర్చి యొక మాట. 'ఇంటర్నేషనల్' అను పదము పలకమీద వ్రాసికొన్నంతమాత్రమున బడి అంతర్జాతీయము కాదు. మన నగరములలో ఆ పేరుగల బడులనేకము కేంద్రబోర్డు పాఠములనే చెప్పుచున్నవి. ఆ బోర్డువారే 2010లో 'సి.బి.ఎస్.ఇ.–ఐ' అను నొక యంతర్జాతీయ పాఠ్యక్రమమును ఆరంభించి 2017లో నిలిపివేసిరి. కేంద్రబోర్డు పాఠములు చెడ్డవని మేమనుట లేదు. బంగారమని చెప్పి యిత్తడి నమ్మరాదని మాత్రమే యనుచున్నాము. ఇత్తడి చెంబులోను నీళ్ళు చల్లగనే యుండును.

మేము చూచిన బడి నిజముగ ఐ.బి. సంస్థ యనుమతి పొందినదే. తరగతికి ఇరువదిమందికి మించి పిల్లలు లేరు. పుస్తకశాల మాకు అసూయ పుట్టించినది. మొదటి దినము పదేండ్ల పిల్లల తరగతిలో కూర్చుంటిమి. ఆ నెల వారి పాఠమంతయు 'నీరు'. లెక్కలు, సైన్సు, భూగోళము, వ్యాసరచన అన్నియు ఆ యొక్క నీటి చుట్టును తిరుగుచుండెను. ఒక బాలిక లేచి, "భూమిమీద నీరెప్పుడూ ఇంతే ఉంటే, కొఱత అని ఎందుకంటారు?" అని ఇంగ్లీషులో నడిగినది. ఉపాధ్యాయిని వెంటనే జవాబు చెప్పక ఆ ప్రశ్నను నల్లబల్లమీద వ్రాసి, "వారము చివర మఱల చూతము" అన్నది. మా చిన్ననాట ఇట్టి ప్రశ్నకు బెత్తమే జవాబు. ఆ దినము మేము చాల సంతోషించితిమి.

రెండవనాడు ఆ పిల్లలను వెంటబెట్టుకొని బడిగోడ వెనుకనున్న చెఱువునకు బోయిరి. నీటిలో కాగితపు పట్టీలు ముంచి రంగు మాఱుటను చూచిరి. సీసాలలో నీరు నింపిరి. గట్టు పొడవు కొలిచిరి. గట్టుమీద నొక ముసలి జాలరి వలను బాగుచేసికొనుచుండెను. ఆ చెఱువును గూర్చి ఆయన కెఱుగనిది లేదు. ఏయేట నిండినదో, ఏ కాలువ పూడ్చి మేడలు కట్టిరో, ఏ చేప కనబడుట మానినదో ఆయన చెప్పగలడు. పిల్లలు ఆయనకు నాలుగు గజముల దూరమున నిలిచి పట్టీలు ముంచుచుండిరి. ఇరువదిమందిలో పదునలుగురు తెలుగింటి పిల్లలు. ఒక్కరును ఆయనను పలుకరింపలేదు. సిగ్గుచేత గాదు, పలుకరించుటకు మాట లేక. అన్నిటికంటె ముఖ్యమైన సాక్షి యెదుట కూర్చుండగా కాగితపు పట్టీలను సాక్ష్యమడుగుట మాకు చిత్రముగ దోచినది.

అప్పుడొక కొరియా బాలుడు జాలరియొద్దకు బోయి, "ఏమప్పా, ఈ సెరువులో సేపలు యాడికి పోయినాయి?" అని యడిగెను. మేము ఉలిక్కిపడితిమి. విచారింపగా, పెనుకొండ సమీపమున 2019లో కార్ల కర్మాగార ముత్పత్తి మొదలుపెట్టిన తరువాత ఆ సీమకు వచ్చిన కొరియా కుటుంబములలో వారిదొకటి యనియు, హైదరాబాదు చేరుటకు ముందు ఆ బాలుడు మూడేండ్లు అక్కడ పెరిగెననియు తెలిసినది. వీధిపిల్లలతో ఆడి నేర్చిన తెలుగది. ముసలివాడు నవ్వి, వల ప్రక్కనబెట్టి, పావుగంటసేపు చెప్పెను. ఆ బాలుడు విని, తనతోడి తెలుగు పిల్లలకు ఇంగ్లీషులో తర్జుమా చేసెను. ఉపాధ్యాయిని దీనినొక వేడుకగ మాకు చూపినది. మాకది వేడుకగ దోచలేదు. ఆ తరగతిలో అంతర్జాతీయుడైన విద్యార్థి ఆ యొక్కడే. అతనికా గుణము బడిలో రాలేదు.

బడిలో పిల్లలకు రెండవభాషగ నేర్పుచున్నవి ఫ్రెంచి, స్పానిషు, హిందీ. తెలుగు లేదా యని యడిగితిమి. "చట్టప్రకారము కలదు" అనిరి. తెలంగాణ శాసనసభ 2018లో చేసిన చట్టమువలన ఒకటవ తరగతినుండి పదవ తరగతివఱకు, ఐ.బి. మొదలగు ఏ పద్ధతి బడియైనను, తెలుగు బోధింపవలెను. ఆ బడిలో తెలుగు వారమునకు రెండు గంటలు, అందొకటి శనివారము. ఆ గంటకు పిల్లలను ఈతకు గూడ పంపుదురట. ఉపాధ్యాయుడు మంచివాడు, పండితుడు. ఆయనకు ప్రత్యేకముగ గది లేదు.

జెనీవాలో ఫ్రెంచి నేర్పిరి గావున హైదరాబాదులోను ఫ్రెంచి నేర్పుట జెనీవాను అనుసరించుట కాదు. అచ్చట వీధిభాషను నేర్పిరి. ఆ లెక్కను ఇచ్చట కొరియా పిల్లవానికిని, జర్మను పిల్లకును, తెలుగు పిల్లకును తెలుగు నేర్పవలెను. హైదరాబాదు గనుక దక్కనీ యుర్దూ నాలుగు మాటలు తోడైనను తప్పులేదు. ఫ్రెంచి మంచి భాష. కావలసినవారు మూడవదిగ నేర్చుకొందురు. ఐ.బి. నిబంధనలు సహితము ఇందుకు అడ్డు రావు. మాతృభాషా సాహిత్యమును చదువుట ఆ పాఠ్యక్రమమునందలి మొదటి విభాగమే. బడిలో ఆ భాషకు ఉపాధ్యాయుడు లేకపోయినను, బడి సాయముతో విద్యార్థి స్వయముగ చదువుకొను నేర్పాటు గూడ కలదు. పాఠ్యక్రమము తెఱచియుంచిన తలుపును బడియే మూసినది.

ఆ బడిలో తెలుగు వినబడు చోట్లు మేము లెక్కించితిమి. ద్వారపాలకుడు, తోటమాలి, బస్సు నడపువాడు, సహాయకుడు, వంటశాలలో గిన్నెలు కడుగు స్త్రీలు, చిన్నపిల్లల ఆయాలు. వీరందఱును తెలుగువారు, తెలుగునే మాటలాడుదురు. తరగతిలో, పుస్తకశాలలో, ఆటస్థలములో, ప్రధానోపాధ్యాయుని గదిలో ఇంగ్లీషు. ఐదేండ్ల బిడ్డకు ఎవరును చెప్పనక్కఱలేదు. పనిచేయువారిది తెలుగు, పని చేయించువారిది ఇంగ్లీషు అని తానే గ్రహించును. ఇంటికి వచ్చి అమ్మమ్మ తెలుగున బిలిచిన, ఆ బిడ్డకు అమ్మమ్మ ఏ వరుసలో కనబడునో ఊహింపుడు. మన పెద్దలు ఒక శతాబ్ది పాటు ఏ యెక్కువతక్కువలతో పోరాడిరో, అవి క్రొత్త బట్టలు తొడిగికొని బస్సెక్కి బడికి వచ్చుచున్నవి. ఆ గోడలమీద సమానత్వమును గూర్చి పిల్లలు గీసిన చిత్రములు చాల చక్కగ నున్నవి.

ఉపాధ్యాయుల విషయమునను ఈ వరుస కనబడినది. ప్రపంచమున అనేక అంతర్జాతీయ పాఠశాలలయందు విదేశములనుండి రప్పించినవారికొక జీతము, స్థానికులకొక జీతము ఇచ్చుట ఆచారము. ఇల్లువిడిచి దూరము వచ్చినవానికి ఇంటియద్దె, ప్రయాణపు ఖర్చు ఇచ్చుట న్యాయమే. కాని ఒకే తరగతికి, ఒకే పాఠమును, ఒకే యర్హతతో చెప్పువారిలో మూలవేతనమే పాస్‌పోర్టునుబట్టి మాఱుట యేమి న్యాయము? మాతో మాటలాడిన యొక స్థానికోపాధ్యాయిని దీనిని కోపముతో గాక అలవాటుతో చెప్పినది. ఆ యలవాటే మాకు నొప్పి కలిగించినది. తలిదండ్రులు ఈతకొలను లోతు అడుగుదురు గాని ఈ సంగతి యడుగరు. అడుగవలసినవి మఱి రెండు కూడ కలవు. క్రిందటేడు ఎందఱు ఉపాధ్యాయులు విడిచిపోయిరి? ఉన్నవారు ఎన్నియేండ్లుగ నున్నారు? రెండేండ్ల కొకసారి గురువు మాఱు బడిలో మేడలెంత యెత్తైనను ప్రయోజనము స్వల్పము.

ఇచ్చటనే కాలేజీ చదువు చదివింపదలచినవారికి లౌకికమైన చిక్కులు కొన్ని కలవు. ఐ.బి. పట్టమును భారత విశ్వవిద్యాలయముల సంఘము 1983 నుండియే అంగీకరించుచున్నది. అయినను మే నెల పరీక్షల ఫలితములు జులై మొదటి వారమునకు గాని రావు. అప్పటికి మన కాలేజీలు కొన్ని ప్రవేశములు ముగించుకొనుచుండును. వైద్యవిద్యకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును కావలెను, ఐ.బి. సామాన్యక్రమములో రెండు సైన్సులకే వీలు చిక్కును, మూడవదానికి ప్రత్యేకానుమతి పొందవలెను. ఈ సంగతి పదునొకండవ తరగతిలో తెలిసి దుఃఖించువారిని మేమెఱుగుదుము. ఫీజు ఏటికి లక్షలలో నుండును. ఆ సంఖ్యను పదునాలుగుతో గుణించి చూచుకొన్నవారు కనబడలేదు.

ఇక మా మేనకోడలి ప్రశ్న. ఆమె పెద్దకూతురు కాలిఫోర్నియాలో నుండగా ఆదివారములందు 'మనబడి'కి బోయెడిది. సిలికానాంధ్రవారు 2007 నుండి నడుపుచున్న తెలుగుబడి యది. అక్కడ ఆ పిల్ల గుణింతములు దిద్ది, అమ్మమ్మకు నాలుగు పంక్తుల యుత్తరము వ్రాసినది. ఆ యుత్తరము మా అక్కగారి పెట్టెలో నేటికి నున్నది. హైదరాబాదు చేరిన ఏడాదిలో ఆ యక్షరములు పోయినవి. పసిఫిక్ తీరమున నేర్చిన తెలుగును మూసీ తీరమున మఱచినది! ఆమెకు తక్కువగ దోచినది ఇదియే. ఇంత చిన్నది పైకి చెప్పిన నవ్వుదురేమో యని ఆమె చెప్పలేకపోయినది.

వచ్చునపుడు ప్రధానోపాధ్యాయుని చూచితిమి. దూరదేశమునుండి వచ్చిన సజ్జనుడు. మేము చెప్పినది కాగితముమీద వ్రాసికొనెను. "విదేశీయుల పిల్లలు రెండు మూడేండ్లలో పోవుదురు, వారికి తెలుగెందుకని తలిదండ్రులు అడుగుదురు" అనెను. జెనీవాకు వచ్చినవారును రెండు మూడేండ్లలో పోయెడివారే యని మేమంటిమి. ఆయన నవ్వి యూరకుండెను. తెలుగు మాతృభాష కానివారికై ప్రభుత్వము 2025లో నిర్ణయించిన 'వెన్నెల' యను సులభవాచకమును గూర్చి ఆయనకు చెప్పితిమి. చెఱువుకడ జాలరి మాటయు చెప్పితిమి.

మఱియొకటి. ద్వారము దాటగనే పొడవైన గోడమీద ఇరువది భాషలలో స్వాగతవాక్యము వ్రాయించినారు. అందు తెలుగుమాట 'స్‌వాగతం' అని యున్నది. అచ్చుయంత్రము వత్తును విఱిచి పొల్లుగ చేసినది. అది వ్రాయించి రెండేండ్లైనదట. దూరదేశపు ప్రధానోపాధ్యాయుని తప్పుపట్టలేము. ఆ గోడప్రక్కనుండి దినమునకు రెండుమాఱులు నడచుచున్న తెలుగు తలిదండ్రులు కొన్ని వందలమంది.

క్రిందటి వారము మా మేనకోడలు జాబు వ్రాసినది. పిల్లలను ఈ యేటికి అచ్చటనే యుంచుచున్నదట. నీటిపాఠము చెప్పిన యుపాధ్యాయినిని విడిచిపోవుటకు పెద్దపిల్ల యొప్పుకొనలేదు. పదికుటుంబములు కోరినచో వచ్చు జూనునుండి విదేశీయుల పిల్లలకును కలిపి వారమునకు నాలుగు గంటలు తెలుగు చెప్పింతుమని బడివారనిరి. ఇప్పటికి ఆఱు కుటుంబములు సంతకము చేసినవి: మూడు కొరియావారివి, ఒకటి జర్మనులది, మా మేనకోడలిది, ఇంకొక తెలుగు కుటుంబమువారిది. గోడమీది వత్తును మాత్రము వెంటనే సరిచేయించిరి.